శ్రోత సాక్ష్యం

రెండో విచారణకు పిలుపు వచ్చేలోగా చెవులు కడుక్కోవాలని గౌరీశ్వరి నిశ్శబ్ద గదిలోకి వెళ్లింది.

తలుపు మూసుకోగానే వసారాలోని అడుగుల చప్పుడు, కొండ కింద సముద్రపు హోరు ఒక్కసారిగా తెగిపోయాయి. ఆ గదిలో కూర్చుంటే ముందు తన ఊపిరి తనకు వినిపిస్తుంది. తర్వాత గుండె, ఆ తర్వాత మెడలో నెత్తురు పారే చప్పుడు. అదీ అలవాటై వినిపించడం మానేసినప్పుడు గోడ మీద పచ్చదీపం వెలుగుతుంది. చెవులు శుభ్రపడినట్టు లెక్క. స్వరస్వత్వ న్యాయపీఠంలో కర్తృత్వ నిర్ణేతలు ప్రతి విచారణకూ ముందు ఇలా కడుక్కుని తీరాలి. పొద్దున విన్న పాట తాలూకు మరక మధ్యాహ్నం వినబోయే పాటకు అంటకూడదు.

పొద్దుటి వ్యాజ్యం చిన్నదే. ఒక సినిమా పాటలో చరణం నాదంటే నాదని ఇద్దరు అన్నదమ్ములు పోట్లాడుకున్నారు. పాట కట్టేటప్పుడు ఇద్దరూ కణతపట్టీలు పెట్టుకునే ఉన్నారు కాబట్టి, ఏ స్వరం ఎవరి మెదడులో ముందు మెరిసిందో ఆ నాదజాడలన్నీ న్యాయపీఠంలో భద్రంగా ఉన్నాయి. మూలమాపకం అనే యంత్రం వాటిని పోల్చి చరణం తమ్ముడిదని తేల్చింది. గౌరీశ్వరి పాట విని, జాడలు విని, తల ఊపి, బల్ల మీది పలకపై బొటనవేలు ఉంచింది. అంతే ఆమె పని. మాపకం తేల్చినదానికి ఒక మనిషి చెవి ఒప్పుకోలు కూడా ఉండాలని చట్టం చేసినవాళ్లు పట్టుబట్టారు. ఆ చెవి మాపకాన్ని కాదనడం ఆమె కొలువులో చేరాక ఒక్కసారీ జరగలేదు.

పచ్చదీపం వెలిగింది. గోడ మీది చిన్న తెరపై తర్వాతి వ్యాజ్యం పేరు వచ్చింది.

వాది: అష్టమస్వరం సంస్థ. ప్రతివాది: మృణాళిని. వివాదంలో ఉన్న పాట: 'నిండని బిందె'.

శుభ్రపడిన చెవుల్లో గుండె చప్పుడు మళ్లీ మొదలైంది. దీపం ఎర్రబడింది.

మృణాళిని అన్నది సంస్థ పెట్టిన పేరు. అసలు పేరు పైడితల్లి. సంగీత కళాశాల హాస్టల్లో గౌరీశ్వరి ఆమెను పైడీ అని పిలిచేది. ఇద్దరిదీ ఒకే గది. గౌరీశ్వరిది బొబ్బిలి, పైడిది పాలకొండ పక్క చిన్న ఊరు. గౌరీశ్వరి సాధకురాలు. తెల్లవారకముందే లేచి శ్రుతి పెట్టుకుని కూర్చునేది, పరీక్షల్లో మొదటి స్థానం ఎప్పుడూ ఆమెదే. పైడి పొద్దెక్కేదాకా నిద్రపోయేది, పాఠం సగమే వినేది. కానీ ఆమె నోరు తెరిస్తే పక్క గదులవాళ్లు తలుపులు తీసుకుని వచ్చి నిలబడేవారు.

చదువు ముగిసే ఏడాది అష్టమస్వరం వాళ్లు కళాశాలకు వచ్చారు. అందరికీ పట్టీలు కట్టి, ఎవరికి వాళ్లు సొంతంగా ఒక బాణీ పాడమన్నారు. గౌరీశ్వరి నెలల తరబడి చెక్కుకున్న బాణీ పాడింది. యంత్రం విని చెప్పింది: 'నిర్దోషం. స్వీయత అత్యల్పం.' ప్రతి మలుపులోనూ ఎవరో ఒక గురువు జాడ ఉందట. పైడి అప్పటికప్పుడు తోచింది పాడి, గుక్క అందక మధ్యలో నవ్వేసింది. ఆ సాయంత్రమే ఆమె చేత ఒప్పందం మీద సంతకం పెట్టించుకున్నారు.

ఆ తర్వాత ఇద్దరూ మాట్లాడుకోలేదు. గొడవేమీ జరగలేదు. పైడి ఫోను చేసినప్పుడల్లా గౌరీశ్వరి తీయలేదు, అంతే.

ఆమె పాటలు ఎక్కడ వినిపించినా గౌరీశ్వరి వాటిలో తప్పు వెతికేది. తెర మీద ఆమె ముఖం కనబడితే కళ్ల కింద నలుపు వచ్చిందా, జుట్టు పలచబడిందా అని చూసేది. ఒకసారి మృణాళిని పాట ఒకటి ఎవరికీ నచ్చలేదని తెలిసి ఇంట్లో పాయసం వండుకుంది. తింటూ ఆ పాట పెట్టుకుంది. పాట బాగుంది. జనానికి పట్టుబడనంత బాగుంది. పాయసం గిన్నె సగంలోనే పక్కన పెట్టేసింది.

'నిండని బిందె' విడుదలైన రోజు ఆమె దర్జీ దుకాణంలో ఉంది. మొదటి పాదం వినగానే చేతిలో గుడ్డ జారిపోయింది. ఆ బాణీ ఆమెకు తెలుసు. హాస్టల్ గదిలో ఒక ఎండ మధ్యాహ్నం విన్న బాణీ అది. రెండో పాదం రాకముందే గబగబా బయటికి నడిచింది. ఆ దర్జీ మిషను తొక్కుతూ ఆ పాటే కూనిరాగం తీస్తాడేమోనని దర్జీనే మార్చేసింది. నిర్ణేతలకు చెవిలో వడపోత అమరుస్తారు. వద్దనుకున్న పాటను అది లోపలికి రానివ్వదు. విచారణలో ఉన్న పాటలు బయట చెవిన పడకుండా ఇచ్చిన ఏర్పాటు అది. గౌరీశ్వరి కొలువులో చేరిన రోజే ఆ వడపోతలో మొదటగా పెట్టిన పాట 'నిండని బిందె'. రాష్ట్రమంతా ఆ పాట పాడుకుంది. పెళ్లి పందిళ్లలో, రైలు పెట్టెల్లో ఆమెకు మాత్రం పాడేవాళ్ల పెదవులు ఆడటమే కనిపించేది.

తెర అడిగింది: 'ప్రతివాదితో మీకు రక్తసంబంధం, వివాహసంబంధం, ఒప్పంద సంబంధం, ఆర్థిక సంబంధం ఏవైనా ఉన్నాయా?'

ఒకే గదిలో ఉన్నవాళ్ల సంగతి అది అడగలేదు.

"లేవు" అంది గౌరీశ్వరి.

ఈ విచారణ తన చేయి దాటిపోకూడదు. పైడి ఓడిపోతుంటే ఎదురుగా కూర్చుని చూడాలి. ఆ కోరిక ఎంత బలంగా ఉందంటే, పచ్చదీపం మళ్లీ వెలగడానికి చాలాసేపు పట్టింది.

*

విచారణ మందిరంలో ప్రతివాది అప్పటికే నిలబడి ఉంది. తెరల మీద కనిపించే మృణాళిని కాదు. తెల్లబడిన జుట్టును గట్టిగా ముడేసుకున్న, భుజాలు కాస్త వంగిన మనిషి. నుదుటి చుట్టూ వెడల్పాటి బూడిదరంగు నిషేధపట్టీ. సంస్థ వ్యాజ్యం వేసిన నాడే దాన్ని తగిలించారు. గొంతులో ఏ రాగం కదిలినా అది చర్మం మీద చురుక్కుమనిపిస్తుంది. మాట్లాడవచ్చు. పాడకూడదు, కూనిరాగం కూడా తీయకూడదు. ఓడిపోతే ఆ పట్టీ జీవితాంతం అలాగే ఉంటుంది.

గౌరీశ్వరి వచ్చి ఆసనంలో కూర్చోగానే పైడి తలెత్తి చూసింది. గుర్తుపట్టింది. ముఖంలో ఏదో వెలిగి, వెంటనే ఆరిపోయింది. 

గౌరీశ్వరి చూపు ముందుగా ఆ తెల్ల జుట్టు మీదికి పోయింది. తన జుట్టు ఇంకా నల్లగానే ఉంది. అందుకు కలిగిన సంతోషం ఎంతోసేపు నిలవలేదు. పైడి నిలబడిన తీరు మారలేదు. ఎక్కడ నిలబడినా అది తన ఇంటి గుమ్మమే అన్నట్టు నిలబడేది. ఇప్పుడూ అలాగే ఉంది.

సంస్థ తరఫు న్యాయవాది తేజోవర్ధన్ లేచాడు. కుర్రవాడు, మాట చక్కగా దువ్వినట్టు ఉంటుంది.

"మేడమ్, సంగతి సూటిగా ఉంది. ఒప్పందంలోని అంతశ్శ్రవణ నిబంధన ప్రకారం, ఒప్పందకాలంలో కళాకారిణి మనసులో మెదిలిన ప్రతి బాణీ సంస్థ సొత్తు. మెలకువలో మెదిలినా సరే, కలలో మెదిలినా సరే. కర్తగా సంస్థ సృజన విభాగం పేరే ఉంటుంది. ఒప్పందం ముగిశాక ఈవిడ పాలకొండలో బంధువుల పెళ్లిలో 'నిండని బిందె'ను తన పాటగా చెప్పుకుని పాడారు. అదీ చరణం చివర స్వరాలు మార్చేసి. రెండూ ఉల్లంఘనలే."

"ప్రతివాది ఏమంటారు?" మాపకం అడిగింది. దాని గొంతు మందిరంలో ఏ మూల నుంచి వస్తోందో తెలియదు. అందరికీ పక్కనే నిలబడి అడిగినట్టుంటుంది.

"మార్చింది నేను కాదండి, వాళ్లు" అంది పైడి. "నా చరణం చివరికంటా ఎక్కి, అక్కణ్ణించి మెల్లగా కిందికి దిగి ఆగుతాది. అలాగ ఆగితే జనం చప్పట్లు కొట్టరని స్టూడియోలో పైకి లాగేశారు. పెళ్లిలో నాది నేను పాడుకున్నాను."

"ఒప్పందం చదివే సంతకం చేశారా?" తేజోవర్ధన్ అడిగాడు.

"చదివాను బాబూ. నా మనసులో మెదిలిందంతా మీదేనని ఉంది. ఆ వయసులో ఏం తెలుస్తాది? ఇంత పెద్ద కంపెనీకి నా మనసులో మెదిలింది కావాలా అని మురిసిపోయాను."

వెనక కూర్చున్నవాళ్లలో ఎవరో నవ్వి ఊరుకున్నారు.

"ఆ చరణం ఎప్పుడు కట్టారు?" మాపకం అడిగింది.

"ఒప్పందానికి ముందే. హాస్టల్లో ఉండగా. కుళాయి సన్నగా వచ్చేది. బకెట్టు నిండేదాకా ఏం తోచక పాడుకున్నాను. అలాగ వచ్చింది."

"ఆ కాలపు నాదజాడ లేదు. ఈ పాటకు తొలి జాడ ఒప్పందం తర్వాత సంస్థ స్టూడియోలో నమోదైంది. ఆ జాడ స్ఫురణలా కాక జ్ఞాపకంలా ఉన్నమాట నిజం. కానీ జ్ఞాపకానికి మూలం దొరకలేదు. జాడ లేని రచనను చట్టం రచనగా గుర్తించదు. శ్రోత సాక్ష్యానికి అవకాశం ఉంది. మీరు పాడగా అప్పుడు విన్నవారు ఎవరైనా ఉన్నారా?"

పైడి గౌరీశ్వరి వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎంత అవస్థ పడుతోందో గౌరీశ్వరికి తెలుస్తూనే ఉంది.

"లేరండి" అంది చివరికి. "గదిలో నా స్నేహితురాలు ఉంది. పుస్తకం చదువుకుంటోంది. అది వినలేదు."

విన్నది.

తలుపు పక్క మంచం మీద గౌరీశ్వరి బోర్లా పడుకుని ఉంది. ముందు పుస్తకం తెరిచి ఉంది. గుమ్మం అవతల వరండాలో పైడి పావడా మోకాళ్లదాకా ఎగదోసుకుని కుళాయి ముందు గొంతుక్కూర్చుంది. పల్లవి ఎలా మొదలైందో తెలియలేదు, నీళ్ల సవ్వడిలోంచే వచ్చినట్టు వచ్చింది. చరణం ఒక్కో మెట్టూ ఎక్కింది. ఇంక పైకి ఎగురుతుందనుకున్న చోట ఎగరకుండా, అలిసిన మనిషి గుమ్మంలో చతికిలబడినట్టు కిందికి దిగి ఆగింది. ఆ దిగడం గౌరీశ్వరి విన్నది. రోజూ చీకటితో లేచేది నేను కదా, దీనికెందుకు వచ్చింది అనుకుంది. చదవకుండానే పేజీ తిప్పింది.

శ్రోత సాక్ష్యం చట్టంలో ఉందే గానీ ఇంతవరకూ ఒక్కటీ నిలవలేదు. జ్ఞాపకాన్ని చదివే యంత్రం ఉంది. కానీ పాటల జ్ఞాపకానికి నిలకడ తక్కువ. బజారులోకి వచ్చిన పాటను పదేపదే వింటూ ఉంటే, ఎప్పుడో విన్న అసలు బాణీ దాని అడుగున చెరిగిపోతుంది. ఇలాంటి వ్యాజ్యాల్లో సాక్షులంతా నిజాయితీగానే వచ్చి, నిన్నమొన్న విన్నదాన్నే ఎప్పుడో విన్నట్టు గుర్తుచేసుకుని వెళ్లేవారు.

తేజోవర్ధన్ గొంతు సవరించుకున్నాడు.

"ఇంకొక్క మాట, మేడమ్. కించపరచాలని కాదు గానీ, ఈవిడలో సహజంగా స్వరకల్పన శక్తి అంటూ ఏమీ లేదు. మామూలు గొంతు, మామూలు చదువు. కళాశాలలో మార్కులు కూడా అంతంత మాత్రమే. మా సృజనయంత్రాలే ఈవిడ మనసులో బాణీలను ప్రేరేపించాయి. ఆ పాటల గొప్పతనం వాటిది. ఈవిడ స్థానంలో ఎవరిని కూర్చోబెట్టినా ఇదే జరిగేది."

ఇన్నేళ్లుగా ఎవరో ఒకరు ఈ మాట అంటే వినాలని గౌరీశ్వరి ఎదురుచూసింది. ఇప్పుడు నిండు సభలో, పైడి ఎదుటే అన్నాడు. చెవికి తియ్యగా ఉండాలి. ఉండకపోగా ఒళ్లు భగ్గున మండింది.

ఎవరిని కూర్చోబెట్టినా అంటాడా? తననూ కూర్చోబెట్టారు కదా. అదే రోజు, అదే యంత్రం ముందు. పైడి మామూలు మనిషైతే తను ఇంతకాలం దేన్ని చూసి కుళ్లినట్టు? పాయసం ఎందుకు వండినట్టు, ఎందుకు సగంలో పక్కన పెట్టినట్టు? చీకటితో లేచి చేసిన సాధన అంతా దేని ముందు చిన్నబోయినట్టు? తను ఓడిపోయింది ఏ యంత్రానికీ కాదు. కుళాయి ముందు గొంతుక్కూర్చున్న పిల్లకి. పైడి ఎంత గొప్పదో ఈ భూమ్మీద తనకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ప్రేమించినవాళ్లకు కూడా అంత తెలిసి ఉండదు. నిన్నగాక మొన్న పుట్టిన వీడు వచ్చి ఆ మనిషి ఏమీ కాదంటున్నాడు.

"అంచనా సిద్ధం" అంది మాపకం. "రచన సంస్థది. ప్రతివాది వాటా శూన్యం. స్వరనిషేధాన్ని శాశ్వతం చేయవచ్చు. నిర్ణేత ఒకసారి పాట విని ఆమోదించాలి. దయచేసి మీ వడపోత తీయండి."

గౌరీశ్వరి చేయి అలవాటుగా చెవి వెనక్కి వెళ్లింది. అక్కడే ఆగింది.

ఒక్కసారి వింటే చాలు. స్టూడియోలో పైకి లాగిన ఆ చివర చెవిలో పడిన మరుక్షణం నుంచి, వరండాలో కిందికి దిగిన చివర మసకబారడం మొదలవుతుంది. సాయంత్రానికల్లా ఏది ఏదో తనకే తెలియదు. ఆ పాట వినని చెవులు రాష్ట్రం మొత్తం మీద బహుశా తనవే. న్యాయం కోసమని దాచి ఉంచినవి కావు. ఓర్వలేక మూసుకున్నవి.

"వడపోత తీయండి" మాపకం మళ్లీ అంది.

"తీయను."

"కారణం?"

"శ్రోత సాక్ష్యం ఉంది" అంది గౌరీశ్వరి. "నాది."

తేజోవర్ధన్ ముందు అర్థంకానట్టు చూశాడు, తర్వాత దాదాపు పరిగెత్తినట్టే ముందుకొచ్చాడు. "మేడమ్, నిర్ణేత సాక్షి కావడానికి వీల్లేదు!"

"నిర్ణేతగా ఉండనులే బాబూ."

ఆమె ఆసనం దిగి వచ్చి మందిరం మధ్యలో నిలబడింది. కింది నుంచి చూస్తే ఆ ఆసనం అనుకున్నదానికన్నా చిన్నదిగా ఉంది.

"నిర్ణేత స్థానం ఖాళీ అయింది" అంది మాపకం. కొంచెం ఆగి, "ఈ స్థితికి విధానం లేదు" అంది.

"సాక్షికి విధానం ఉంది కదా. ముందు అది కానివ్వు."

"సాక్షికి హెచ్చరిక. పఠనంలో జ్ఞాపకంతో పాటు దానికి అంటుకున్న భావం కూడా బహిరంగంగా నమోదవుతుంది. తర్వాత తొలగించడం వీలుకాదు. సంబంధాన్ని దాచినందుకు మీ కొలువు రద్దు కావచ్చు. అంగీకారమేనా?"

కొలువు గురించి ఆమె అప్పటికే అనుకుంది. ముందు చెప్పిన సంగతే అనుకోలేదు. అంటుకున్న భావం. దాన్ని ఇంట్లో అద్దం ముందు కూడా ఎప్పుడూ పేరుపెట్టి పిలవలేదు. ఇప్పుడు ఈ యంత్రం పైడి ఎదురుగా చదువుతుంది.  ఇంకా ఆసనం అక్కడే ఉంది. ఎక్కి కూర్చుని, ఏదో పొరపాటయిందని చెప్పి, బొటనవేలు పెట్టేయవచ్చు.

"వద్దులేవే గౌరీ" అంది పైడి. చాలా నెమ్మదిగా, ఆమెకు మాత్రమే వినబడేట్టు. "నా గురించి నీకేటి బాధ. ఎల్లిపో."

అది వినేసరికి గౌరీశ్వరికి మళ్లీ కోపమొచ్చింది. ఇక్కడ కూడా పైడే పెద్దమనసు చూపించాలా? ఇది కూడా దానికే దక్కాలా?

"అంగీకారమే" అంది గట్టిగా, సాక్షి కుర్చీలో కూర్చుంది.

*

మందిరం చూసుకునే ఎల్లాజీ వచ్చి ఆమె తలకు జ్ఞాపకాన్ని చదివే పఠనవలయం బిగించాడు. "కళ్లు మూసుకోండమ్మా. ఆ రోజుకి ఎల్లండి. దేన్నీ బలవంతంగా తేవద్దు" అన్నాడు.

బలవంతం అక్కర్లేకపోయింది. ఎప్పుడూ పక్కగదిలోనే ఉన్నట్టు వచ్చేసింది.

మందిరంలో ముందుగా నీళ్ల సవ్వడి వినిపించింది. ఇనుప బకెట్టు అడుగున సన్నని ధార పడుతున్న చప్పుడు. ఎక్కడో కాకి అరిచింది. ఆ తర్వాత ఒక ఆడపిల్ల గొంతు, మాటలు లేకుండా, ముక్కుతోనూ నోటితోనూ కలిపి పాడుకుంటోంది. అక్కడక్కడా ఆగి, తోవ వెతుక్కుని మళ్లీ అందుకుంటోంది. చరణం ఎక్కింది, ఎక్కింది, పై అంచు దగ్గర ఒక్క ఊపిరి నిలిచి కిందికి దిగి ఆగింది. కాగితం తిప్పిన చప్పుడుతో జ్ఞాపకం ముగిసింది.

పైడి అరచేత్తో నోరు గట్టిగా మూసుకుని ఉంది. తన పడుచునాటి గొంతు ఆమె విని ఎంతకాలమైందో.

"స్థిరత అత్యున్నతం" మాపకం చదవసాగింది. "ఒప్పందానికి పూర్వకాలం. మొదటి పాదం తప్ప మిగతా భాగం విడుదలైన పాటతో కలుషితం కాలేదు. చరణాంతం విడుదలైన పాటతో సరిపోలేదు. ప్రతివాది పెళ్లిలో పాడినదానితో స్వరానికి స్వరం సరిపోయింది. వినే సమయంలో శ్రోత పెదవులు కదలలేదు. రచనలో శ్రోతకు వాటా లేదు."

ఆ చివరి వాక్యం గౌరీశ్వరికి చివుక్కుమంది. నిద్రపట్టనప్పుడు ఎప్పుడైనా, ఆ దిగడం తనే చెప్పానేమో, పైడి తన దగ్గర తీసుకుందేమో అని ఊహించుకునేది. ఆ చిన్న ఓదార్పు కూడా ఇప్పుడు లేకుండా పోయింది.

"జ్ఞాపకానికి అంటుకున్న భావం" మాపకం ఆగింది. "ఈర్ష్య. తీవ్రం. ఆనాటి నుంచి నేటి వరకు తగ్గుదల లేదు. స్థిరతకు ఇదే కారణం."

 గౌరీశ్వరి నేలలోని రాతి చారలను చూస్తూ కూర్చుంది. ముఖం, చెవులు కాలిపోతున్నాయి. పైడి తనవైపు చూస్తోందని తెలుసు. తలెత్తలేదు.

"ఇదెక్కడి న్యాయం!" తేజోవర్ధన్ గొంతులో ఆ దువ్వినతనం పోయింది. "కుళ్లుకునేవాళ్ల మాట సాక్ష్యమవుతుందా?"

"ఈర్ష్య సాక్ష్యాన్ని చెరుపుతుందని చట్టంలో లేదు" అంది మాపకం. "కొలతల ప్రకారం ఈ సాక్ష్యాన్ని అది కాపాడింది."

"అలా అయితే సంగీతంలో ఓర్వలేనివాళ్లంతా సాక్షులేనా?"

వెక్కిరింతగా అన్నాడు గానీ, విచారణలన్నీ బయటికి ప్రసారమవుతాయన్న సంగతి ఆ క్షణంలో మరిచిపోయాడు. మాపకం ఆ ప్రశ్నను ప్రశ్నగానే తీసుకుంది.

"స్థిరత ఉన్నంతమేరకు, అవును" అంది.

తీర్పు చెప్పడానికి నిర్ణేత లేదు. మనిషి ఒప్పుకోలు లేకుండా మాపకం తన అంచనాను తీర్పు చేయలేదు, ఇప్పుడు ఆ అంచనా కూడా తలకిందులైంది. వ్యాజ్యం మరో నిర్ణేత ముందుకు వెళ్లాలి. అంతవరకు ఆమోదం లేని నిషేధం చెల్లదని మాపకమే ప్రకటించింది. ఎల్లాజీ వెళ్లి పైడి నుదుటి పట్టీ విప్పాడు. సంస్థవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇలా విప్పిన పట్టీని అక్కడున్న ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

తేజోవర్ధన్ ప్రశ్నకు జవాబు వినపడిన వెంటనే న్యాయపీఠానికి వినతులు రావడం మొదలైంది. వాద్యబృందంలో వెనక వరసలో కూర్చుని వయొలిన్ వాయించినవాళ్లు, పోటీల్లో ఎప్పుడూ రెండో బహుమతి తెచ్చుకున్నవాళ్లు, ఒకే గురువు దగ్గర నేర్చుకుని పైకి రాలేకపోయినవాళ్లు. ఫలానా పాట ఫలానావాడిదే, సంస్థది కాదు, వాడు కట్టినప్పుడు పక్కనే ఉన్నాను, ఇప్పటికీ మింగుడుపడటం లేదు, వచ్చి చెబుతాను అంటున్నారు. పక్క మందిరాల్లో నడుస్తున్న విచారణలను మాపకం ఒక్కొక్కటే నిలిపివేసింది. ఎవరి వాటా అయినా శూన్యమని తేల్చే ముందు ఒక కొత్త ప్రశ్న వేస్తోంది: 'అప్పుడు విని బాధపడినవారు ఎవరైనా ఉన్నారా?'

*

వసారా చివర సముద్రం కనిపించే చోట పైడి నిలబడి ఉంది. పట్టీ తీసిన చోట నుదుటి చుట్టూ తెల్లటి చార పడింది. గౌరీశ్వరి తలవంచుకుని పక్కనుంచి వెళ్లిపోబోయింది.

"నిన్ను ఆ కుర్చీలో చూడగానే నా పని అయిపోయిందనుకున్నానే" అంది పైడి.

గౌరీశ్వరి ఆగింది. "నేనూ అలాగే అనుకున్నాను."

"మరి ఆ పుస్తకం?"

"ఒక్క ముక్క చదవలేదు."

పైడి నవ్వబోయి ఆపుకుంది. "నాకేటి తెలుసే. క్లాసులో ఫస్టు నువ్వు. నా పాటలు నీకు పిచ్చి కూతల్లాగుంటాయేమో, అందుకే పట్టించుకోవనుకునేదాన్ని. ఒక్కసారి బాగుందని నువ్వంటే చాలని ఎంత ఎదురు చూశానో తెలుసా? ఫోన్లు కూడా అందుకే చేసేదాన్ని."

"అనలేకపోయాను" అంది గౌరీశ్వరి. "ఇప్పుడు కూడా అనలేను."

"ఇప్పటికీనా?"

"విన్నావు కదా. తగ్గుదల లేదట."

ఈసారి పైడి నిజంగానే నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ సముద్రం వైపు తిరిగి, నోరు తెరిచి, ఏదో అందుకోబోయింది. ఏమీ రాలేదు. గొంతు సవరించుకుని మళ్లీ చూసింది. గాలి మాత్రమే వచ్చింది. చేయి పైకెత్తి, పట్టీ లేని నుదుటిని తడుముకుంది. మెల్లగా ఆమె ముఖంలోని నవ్వు పోయింది.

"రావట్లేదే గౌరీ. చురుక్కుమంటాదని లోపల్లోపల కూడా ఆపేసుకోవడం అలవాటైపోయింది. ఎండిపోయినట్టుంది. ఇంక రాదేమో."

గౌరీశ్వరికి ఒక్క క్షణం ఒళ్లంతా తేలికైంది. జీవితమంతా కోరుకున్నది అదే. ఇద్దరూ సమానమైపోయారు. ఆ మరుక్షణం, అలాంటి లోకంలో ఇక తను దేని కోసం చెవులు రిక్కించాలో తెలియలేదు.

"నోర్ముయ్" అంది కోపంగా, పైడి చేయి నుదుటి మీంచి లాగేస్తూ. "నీకు రాకపోతే ఇంకెవరికొస్తుందే?"